క్యాబేజీ: ఐదు నిమిషాల్లో దించాలా, గంటసేపు మగ్గించాలా?

ఫ్రిజ్ అడుగున సగం కోసిన క్యాబేజీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మొన్న వండలేదు, నిన్నా వండలేదు. ఇవాళ పక్కన ఏదో ఒక కూర కావాలి, ఇంట్లో ఇంకేమీ లేదు, ఇక దాని వంతు వచ్చింది. కత్తిపీట ముందు పెట్టుకున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. వేయించాలా, ఉడికించాలా, ఆవిరి పట్టాలా, ఓవెన్‌లో పెట్టాలా, లేక సన్నగా తరిగి ఉప్పు చల్లి పచ్చిగానే పెట్టేయాలా?

క్యాబేజీ వండడం రాని వాళ్లు ఉండరు. అయినా "క్యాబేజీయా..." అని ముఖం ముడుచుకునే మనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. తప్పు కూరగాయది కాదు, ఉప్పూకారాలదీ కాదు, టైముది. ఇన్నేళ్లు వండాక నాకు తేలిందేమిటంటే, నీళ్లతోనో ఆవిరితోనో వండేటప్పుడు క్యాబేజీని దించడానికి రెండే మంచి సమయాలు. పది నిమిషాల లోపు దించెయ్యాలి, లేదంటే ముప్పావుగంట దాకా దాని జోలికి పోకూడదు. మధ్యలో, పదిహేను నుంచి పాతిక నిమిషాల దగ్గర దించారా, అటు కరకరా ఉండదు, ఇటు వెన్నలా కరగదు. ఇల్లంతా వాసన మాత్రం మిగులుతుంది.

ఇది నేను సుఖంగా నేర్చుకున్న పాఠం కాదు. ఒకసారి ఇంటికి నలుగురు భోజనానికి వస్తున్నారని పెద్ద గిన్నెలో నీళ్లు పోసి క్యాబేజీ పడేసి, మూత పెట్టి, ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు పగిలినట్టు గుప్పుమంది. మా అక్క వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి, "గ్యాస్ లీకవుతోందేమో చూడవే" అంది. నవ్వు రాలేదు నాకు. కానీ ఆమె అన్నది పూర్తిగా తప్పేమీ కాదు. వంటగ్యాస్ లీకయితే తెలియడానికి అందులో కలిపేది కూడా గంధకం ఉన్న పదార్థమే, క్యాబేజీ కంపుకు కారణమూ గంధకమే. కిటికీలన్నీ తెరిచి ఫ్యాన్లు వేశాను. ఆ గిన్నె మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆకు లోపల జరిగేది

క్యాబేజీది ఆవాల కుటుంబం. ఆకులో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలు ఒకచోట, వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. కత్తి పడగానే రెండూ కలుస్తాయి. పచ్చి క్యాబేజీ నమిలినప్పుడు ముక్కుకు కొంచెం తగిలే ఆ ఘాటు అప్పుడు పుట్టిందే. ఆవపిండి ఘాటుకు ఇది సొంత చుట్టం. వేడి తగిలితే ఎంజైమ్ పని ఆగిపోతుంది, ఘాటు తగ్గుతుంది, ఆకులో ఉన్న తీపి పైకి తేలుతుంది. వంద గ్రాముల క్యాబేజీలో 3 గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. ఎక్కువేమీ కాదు గానీ, ఘాటు పక్కకు తప్పుకుంటే నాలుకకు తెలిసేంత.

ఇక్కడిదాకా అంతా మంచే. తడి వేడి అలాగే సాగితే మాత్రం ఆ గంధకపు పదార్థాలు ఇంకా విరిగి, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులుగా బయటికొస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. సన్న మంట మీద ఇంకా చాలాసేపు ఉంచితే ఆ వాసనలో చాలా భాగం ఎగిరిపోయి, ఆకు మెత్తబడి, రుచి ఉల్లిపాయ మగ్గినట్టు తియ్యగా మారుతుంది. అందుకే అయితే త్వరగా, లేకపోతే తీరిగ్గా.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. క్యాబేజీలో 92 శాతం నీళ్లే. అంటే వంటలో మీరు తేల్చుకోవాల్సింది ఆ నీళ్లను ఏం చేయాలన్నదే. వేపుడు వాటిని బయటికి రాగానే ఆవిరి చేసి పంపేస్తుంది. మూత పెట్టి మగ్గిస్తే అవే నీళ్లలో ఆకు ఉడుకుతుంది. ఉడకబెడితే వాటికి మనం ఇంకా నీళ్లు తోడు చేస్తాం. ఇంతకుమించి తేడా లేదు గానీ, ఈ తేడాతోనే కూర మారిపోతుంది.

పెద్ద మంట మీద వేపుడు

నన్నడిగితే, పక్కన పెట్టుకునే కూరగా క్యాబేజీకి మొదటి ఓటు దీనికే. తరగడం కాకుండా పొయ్యి మీద ఐదారు నిమిషాలు. కానీ "వేపుడే కదా" అనుకుని చేసేవాళ్లలో సగం మందికి చివర్లో బాణలిలో నీళ్లు తేలతాయి. దానికి మూడు కారణాలుంటాయి. కడిగిన ఆకు ఆరకుండానే వేయడం, బాణలి నిండా కుక్కడం, ఉప్పు ముందే వేయడం.

అరకిలో క్యాబేజీ అనుకుందాం. 28 సెంటీమీటర్ల బాణలికి అంతకుమించి వద్దు. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున తరిగి, కడిగి ఉంటే జల్లెడలో వేసి దులిపి, గుడ్డ మీద పరిచి ఆరనివ్వాలి. నిజానికి పై రెండు మూడు ఆకులు తీసేసి కోయకముందే కడిగితే ఈ బాధే ఉండదు. రెండు చెంచాల నూనె వేసి బాగా కాగనివ్వాలి. ఆవాలో జీలకర్రో వెల్లుల్లో మీ ఇష్టం, ఏదీ లేకపోయినా నడుస్తుంది. ఆకు వేశాక ఒక నిమిషం గరిటె పెట్టకండి. చేయి ఊరుకోదు, తెలుసు, అయినా ఊరుకోనివ్వండి. అడుగున ఉన్న ఆకు అంచులు గోధుమరంగు తిరగడానికి ఆ నిమిషమే కావాలి.

ఇక్కడ కంటికన్నా చెవి బాగా పనిచేస్తుంది. ఆకు పడగానే "చుయ్య్" అని పెద్ద చప్పుడు వస్తుంది, అది పైపైన ఉన్న తడి. అది తగ్గి, సన్నగా చిటచిటలాడుతుంటే నీళ్లు ఎప్పటికప్పుడు ఆవిరవుతున్నట్టు లెక్క. అదే చప్పుడు "గుబగుబ"గా మారిందంటే అడుగున నీళ్లు చేరాయి, వేపుడు కాస్తా ఉడుకు అయిపోతోంది. వెంటనే మంట పెంచి, ఆకును అంచుల మీదికి జరిపి, మధ్యలో నీళ్లు ఇంకనివ్వాలి. ఆకు సగానికి తగ్గి, ఇంకా కొంచెం కొరుకుడు ఉండగానే ఉప్పు చల్లి, అర నిమిషం తిప్పి దించెయ్యాలి. బాణలి వేడికి గిన్నెలోకి తీసే లోపు ఇంకాస్త మెత్తబడుతుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి.

దీని లోపం ఒకటే. ఎదురుగా నిలబడాలి. ఇంకో పొయ్యి మీద పెద్ద వంట ఉండి, రెండు చేతులూ అటే ఉంటే ఈ దారి వద్దు.

మూత పెట్టి మగ్గించడం

ఎక్కువమంది ఇళ్లలో జరిగేది ఇదే, ఎక్కువమంది పాడుచేసేదీ ఇదే. మగ్గించడం అంటే నీళ్లు పోసి ఉడికించడం కాదు. ఆకులో ఉన్న నీళ్లే చాలు. కిలో క్యాబేజీకి ఒక చెంచా నూనె, ముందే ఉప్పు, మధ్యస్థం మంట, మూత. ఉప్పు తగలగానే ఆకు తన నీళ్లు తనే వదులుతుంది. వేపుడులో మనకు శత్రువైన ఆ ఉప్పు ఇక్కడ చుట్టమై కూర్చుంటుంది.

నాలుగు నిమిషాలకోసారి మూత తీసి పైది కిందకి, కిందది పైకి తిప్పాలి. ఎనిమిది నిమిషాలకు రంగు చూడండి. లేత పచ్చ ఇంకా మెరుస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. ఆ పచ్చ చచ్చి ఆలివ్ రంగులోకి దిగుతోందంటే ఆలస్యమైంది. ఆకు నుంచి వచ్చే ఆమ్లాలు మూత కింద చిక్కుకుని పత్రహరితాన్ని మారుస్తాయి. చివరి రెండు నిమిషాలు మూత తీసేసి మంట పెంచితే మిగిలిన తడీ పోతుంది, చిక్కుకున్న వాసనా పోతుంది. ఈ చివరి రెండు నిమిషాలు చాలామంది వదిలేస్తారు. కూర నీళ్లోడుతూ ఉండడానికి కారణం అదే.

ఇంతకీ వేపుడా, మగ్గించడమా? నేను చూసుకునేవి ఇవి. క్యాబేజీ అరకిలో దాటితే మగ్గిస్తాను, ఎందుకంటే బాణలి నిండితే ఎలాగూ వేపుడు కాదు. తినేవాళ్లలో పళ్లు కదిలే పెద్దవాళ్లో చిన్న పిల్లలో ఉంటే మగ్గిస్తాను. పక్కన జారుగా, రసంగా ఏదైనా ఉంటే వేపుడు చేస్తాను, రెండూ మెత్తగా ఉంటే పళ్లేనికి ప్రాణం ఉండదు. పక్కనున్నది పొడిగా ఉంటే మగ్గించినదే మేలు, ముద్ద దిగుతుంది. నూనె తగ్గించుకోవాలనుకునే వాళ్లకూ మగ్గించడమే. వంద గ్రాముల పచ్చి క్యాబేజీలో 25 కేలరీలే ఉన్నా, ఒక పెద్ద చెంచా నూనె ఒక్కటే 120 కేలరీల దాకా తెస్తుంది. క్యాబేజీ తింటే సన్నబడతామని చెప్పేవాళ్లు బాణలిలో ఏం పోస్తున్నారో కూడా చూసుకోవాలి మరి.

నీళ్లలో ఉడికించడమా, ఆవిరి పట్టడమా

ఈ రెండింటి మధ్య అయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఆవిరే. వంద గ్రాముల పచ్చి క్యాబేజీలో సుమారు 36 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. అది నీళ్లలో కరిగేది, వేడికి తగ్గేది. నిండా నీళ్లు పోసి ఉడికించి వార్చేస్తే అందులో మంచి భాగం సింకులోకి పోయినట్టే. ఆవిరిలో ఆకు నీళ్లను తాకదు కాబట్టి నష్టం తక్కువ. సన్నగా తరిగినదైతే ఆవిరి మీద నాలుగైదు నిమిషాలు, దళసరి ముక్కలైతే ఎనిమిది నుంచి పది. దించాక రెండు చుక్కల నిమ్మరసం, మిరియాల పొడి, కొంచెం వెన్నో మంచి నూనో. కడుపు బాగోలేని రోజున ఇంతకన్నా తేలిక కూర నాకు తెలియదు.

కాకపోతే ఆవిరి పట్టిన క్యాబేజీ చప్పగా ఉంటుంది, దాన్ని దాచి లాభం లేదు. నూనెలో వేగినప్పుడు వచ్చే గోధుమరంగు రుచి దీనికి రాదు. ఆ రంగు రావాలంటే వేడి 140 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోకి వెళ్లాలి, ఆవిరేమో వంద డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రుచి పైనుంచి కలపాలి తప్ప లోపల్నుంచి పుట్టదు.

ఉడకబెట్టడానికి పనికొచ్చే సందర్భం ఒకటుంది. ముదురు క్యాబేజీ, ఘాటు ఎక్కువగా ఉన్నది చేతికొచ్చినప్పుడు. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా ఉప్పు వేసి, మూత లేకుండా రెండు మూడు నిమిషాలు ఉంచి, వార్చి, చల్లటి నీళ్లు పోసి పిండేస్తే ఘాటు చాలావరకు నీళ్లతో పోతుంది. ఆ తర్వాత బాణలిలో ఒక తిప్పు తిప్పాలి. విటమిన్ కొంత పోతుంది, నిజమే. గిన్నె మొత్తం పారబోయడం కన్నా నయం కదా. పచ్చరంగు పోకుండా వంట సోడా వేసేవాళ్లున్నారు. రంగు నిలుస్తుంది, కానీ ఆకు జావలా అయిపోతుంది, విటమిన్ సి ఇంకా తగ్గుతుంది. నేనైతే వేయను.

ఓవెన్ ఉన్నవాళ్లకు

ఇరవై నిమిషాల చోట కంపు కొడుతుందని చెప్పాను కదా, ఓవెన్‌లో అరగంట పెట్టమంటున్నానేమిటి అనుకోవచ్చు. ఆ లెక్క తడి వంటది. ఓవెన్‌లో పొడి వేడి. ఆకులోంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఎగిరిపోతాయి, అంచులు వేగుతాయి, లోపలి పొరలు వాటి తడిలోనే మెత్తబడతాయి. వాసన కూడా కాల్చిన పప్పుల వాసనలా వస్తుంది. క్యాబేజీ తినని మనిషికి మొదటిసారి పెట్టాలంటే నేను ఎంచుకునేది ఇదే.

మధ్యలోని తెల్ల కాడను తీసెయ్యకుండా, దాని మీదుగానే కత్తి పోనిచ్చి, ముక్కముక్కకూ కాస్త కాడ ఉండేలా ఆరేడు చీలికలు చెయ్యాలి. కాడే ఆకుల్ని పట్టి ఉంచుతుంది, అది లేకపోతే ట్రే మీద ఆకులన్నీ విడిపోయి సన్నవి మాడిపోతాయి. రెండు వైపులా నూనె రాసి, ఉప్పు చల్లి, ముక్క ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ వదిలి, 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర పాతిక నుంచి ముప్పై ఐదు నిమిషాలు. సగంలో ఒకసారి తిప్పాలి. అంచుల్లో అక్కడక్కడా నల్లబడితే భయం లేదు, ఆ రుచి కోసమే ఇంత తతంగం. పూర్తిగా నల్లబడిన ఆకు మాత్రం చేదు, తీసెయ్యాలి. పైన ఫాయిల్ కప్పకండి. కప్పారంటే మళ్లీ ఆవిరే, మళ్లీ ఆ పాత వాసనే.

సగం క్యాబేజీ కోసం ఓవెన్ మొత్తం వేడి చేయడం నాకైతే మనసొప్పదు. వేరే ఏదైనా ఎలాగూ లోపల పెడుతున్నప్పుడు దానితోపాటు ఇదీ. లేదంటే బరువైన పెనం మీద రెండు మూడు సెంటీమీటర్ల మందం చీలికల్ని ఒక్కో వైపు ఐదారు నిమిషాలు కదపకుండా కాల్చి, చివర్లో రెండు చెంచాల నీళ్లు చల్లి మూడు నిమిషాలు మూత పెడితే దాదాపు అదే రుచి వస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో కూడా చీలికలు బాగానే వస్తాయి. సన్నగా తరిగినది మాత్రం అందులో వేయకండి, గాలికి లేచి పైన అంటుకుని మాడిపోతుంది.

తీరిక ఉన్న రోజు

గంటసేపు మగ్గించే పద్ధతి మనలో చాలామంది ప్రయత్నించరు. క్యాబేజీకి అంతసేపా అంటారు. కానీ ఇందులో మనిషి పని పది నిమిషాలే, మిగతాది మంట చూసుకుంటుంది. కిలో క్యాబేజీ వేలెడు వెడల్పున కోసి, రెండు చెంచాల వెన్నో నూనో వేడి చేసి, ఒక ఉల్లిపాయ మెత్తబడ్డాక ఆకు వేసి, ఉప్పు, అరకప్పు నీళ్లు వేసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో గట్టి మూతతో అతి సన్న మంట మీద ముప్పావుగంట నుంచి గంట. పావుగంటకోసారి కలపాలి, అడుగంటుతుంటే ఇంకో రెండు చెంచాల నీళ్లు. మధ్యలో ఇరవై నిమిషాల దగ్గర మూత తీస్తే ఆ వాసన వస్తుంది. కంగారుపడి దించెయ్యకండి. ముప్పావుగంట దాటాక అదే గిన్నె తియ్యటి వాసన మొదలెడుతుంది. చివర్లో మూత తీసి నీళ్లు ఇంకనిస్తే ఆకు మెరుస్తూ, చెంచాతో తెగేంత మెత్తగా ఉంటుంది.

ఊదా రంగు క్యాబేజీకి ఈ దారే సరిగ్గా కుదురుతుంది. దాని ఆకు మందం, గట్టి. రంగు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది, అవి నీళ్లలో కరుగుతాయి, పులుపు తగిలితే ఎర్రబడతాయి, క్షారం తగిలితే నీలంలోకి పోతాయి. కుళాయి నీళ్లలో క్షారం ఎక్కువగా ఉంటే కూర సిరా పోసినట్టు తయారవుతుంది. మొదట్లోనే ఒక చెంచా వెనిగరో నిమ్మరసమో వేస్తే రంగు నిలుస్తుంది. ఎక్కువ వేయకూడదు, పులుపు ఉన్నచోట ఆకు త్వరగా మెత్తబడదు. మిగతా పులుపు దించే ముందు. చిటికెడు చక్కెర కూడా వేస్తే తప్పులేదు.

మర్నాటికి దాచుకోవాలంటే కూడా ఇదే గెలుస్తుంది. వేపుడు ఫ్రిజ్‌లోంచి తీసేసరికి నీరుకారి నీరసంగా ఉంటుంది, ఓవెన్ ముక్కల కరకర పోతుంది. గంట మగ్గినది మాత్రం రెండో రోజుకు ఇంకా కుదురుకుంటుంది.

పొయ్యి వెలిగించకుండా

వేసవిలోనో, ఒంట్లో ఓపిక లేనప్పుడో పచ్చిది. వీలైనంత సన్నగా తరగాలి, ఇక్కడ కత్తి పదునే వంట. అరకిలోకు ఒక చిన్న చెంచా ఉప్పు చల్లి, చేత్తో రెండు నిమిషాలు పిసికి, పావుగంట వదిలేస్తే గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. ఉప్పు ఆకులోంచి తడిని లాగేస్తుంది. పిండేసి నిమ్మరసం, మిరియాలు, కొంచెం నూనె కలపడమే. పిసక్కుండా కలిపితే వడ్డించిన పది నిమిషాలకు పళ్లెంలో నీళ్లు మడుగు కడతాయి. ఘాటు నచ్చేవాళ్లకు, విటమిన్ సి వేడికి పోకూడదనుకునే వాళ్లకు ఇది బాగుంటుంది. కడుపు ఉబ్బరం ఉన్నవాళ్లు కొద్దిగా తిని చూసుకోవాలి. క్యాబేజీలో ఉండే రాఫినోస్ లాంటి చక్కెరలు మన చిన్న పేగుల్లో అరగవు, కింద పెద్ద పేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది.

మైక్రోవేవ్ గురించి ఒక్క మాట. రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టి నాలుగైదు నిమిషాలు తిప్పితే ఆవిరి పట్టిన దానికి దగ్గరగానే వస్తుంది. ఒక్క మనిషికైతే ఇదే సులువు. ప్రెషర్ కుక్కర్ మాత్రం నేను ఒద్దంటాను. ఒక విజిల్ వచ్చే లోపే ఆకు మెత్తబడుతుంది, ఆవిరి దిగే లోపు జావవుతుంది. మూత బిగించి ఉంటుంది కాబట్టి ఎక్కడున్నామో కనబడదు. క్యాబేజీకి కళ్లెదుట ఉండే వంటే కావాలి.

చేతిలో ఉన్న క్యాబేజీని బట్టి

పద్ధతి ఎంచుకున్నాక క్యాబేజీ కొంటారా, క్యాబేజీ కొన్నాక పద్ధతి ఎంచుకుంటారా? మామూలుగా రెండోదే జరుగుతుంది. గుండ్రటి లేత పచ్చ క్యాబేజీ అన్నిటికీ పనికొస్తుంది. ముడతల ఆకుల సవోయ్ రకం మెత్తగా, వదులుగా ఉంటుంది, మూడు నాలుగు నిమిషాల వేపుడుకు, తక్కువ మగ్గించడానికి బాగుంటుంది. పొడుగ్గా ఉండే చైనీస్ క్యాబేజీది వేరే జాతే, టర్నిప్‌కు దగ్గరి చుట్టం. నీళ్లు ఇంకా ఎక్కువ, ఉడకడం ఇంకా త్వరగా. దాని తెల్ల కాడల్ని ముందు వేసి రెండు నిమిషాలయ్యాక ఆకులు వేయాలి. దాన్ని గంటసేపు మగ్గించడం దండగ.

కొనేటప్పుడు రెండు చేతుల్లో రెండు పట్టుకుని చూడాలి. ఒకే సైజువైతే బరువున్నది తీసుకోవాలి. నొక్కితే గట్టిగా ఉండాలి, కింద కాడ కోసినచోట ఎండి చీలికలు పడి ఉండకూడదు. ఒకదానికొకటి రుద్దినప్పుడు ఆకులు కీచుమంటే తాజాది. కోయని క్యాబేజీ ఫ్రిజ్‌లో వారాలపాటు ఉంటుంది. కోసింది చుట్టిపెట్టి నాలుగైదు రోజుల్లో వాడెయ్యాలి. కోసిన ముఖం నల్లబడితే ఆ పొర వరకే చెక్కెయ్యండి, మిగతాది బాగానే ఉంటుంది. పాతబడిన సగం క్యాబేజీని పచ్చిగా పెట్టకండి, దానికి పెద్ద మంటో, గంట మగ్గించడమో పడాలి.

తరిగే తీరు కూడా పద్ధతిలో భాగమే. ఆకు ఈనెలకు అడ్డంగా కోస్తే పీచు పొట్టిగా తెగి త్వరగా మెత్తబడుతుంది, మగ్గించడానికి అదే కావాలి. ఈనెల వెంట పొడుగ్గా కోస్తే కొరుకుడు నిలుస్తుంది, వేపుడుకు అది. ఒకే గిన్నెలో కొన్ని పీలికలు దారంలా, కొన్ని వేలంత ఉన్నాయంటే ఏ పద్ధతీ కాపాడదు. సన్నవి ఉడికేసరికి లావువి పచ్చిగా, లావువి ఉడికేసరికి సన్నవి పేస్టుగా ఉంటాయి. హడావిడిలో ఎక్కువసార్లు చెడేది ఇక్కడే.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. క్యాబేజీలో విటమిన్ కె బాగా ఉంటుంది, వంద గ్రాముల పచ్చిదానిలో 76 మైక్రోగ్రాముల దాకా. ఎలా వండారన్నదానికన్నా ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తినడమే మందు లెక్కను తారుమారు చేస్తుంది. ఎంత తినొచ్చో డాక్టర్‌ని అడిగి, రోజుకు అటూ ఇటూగా ఒకే మోతాదులో తినడం మంచిది.

నా ఫ్రిజ్‌లోని సగం క్యాబేజీ సంగతికొస్తే, అది తూకానికి 600 గ్రాములు ఉంది, కోసి మూడు రోజులైంది, చేతిలో ఉన్నది అరగంట. పచ్చిగా పెట్టే వయసు దాటిపోయింది, గంట మగ్గించే టైము లేదు. బాణలికి కొంచెం ఎక్కువ, కాబట్టి రెండు వాయిలుగా పెద్ద మంట మీద వేయిస్తున్నాను. కాడను మాత్రం బాణలిలో వేయలేదు. పైచెక్కు తీసి, సన్నటి బిళ్లలుగా కోసి, ఉప్పు అద్దుకుని నిలబడి తినేశాను. రెండో వాయి ఇప్పుడే వేశాను, చిటచిటలాడుతోంది.